క్యూ నేషనల్ ఆర్కైవ్స్: వెండి పెట్టె మీద మా ఊరి పేరు

పోయిన ఏడాది స్లౌ దగ్గర ఆదివారం కార్ బూట్ సేల్‌లో, పాత ఇత్తడి సామాన్ల మధ్య ఒక వెండి సిగరెట్ పెట్టె కనబడింది. మూత మీద మూడు ఇనిషియల్స్, వాటి కింద ‘152 హైదరాబాద్ స్క్వాడ్రన్, వార్మ్‌వెల్, 1940’ అని చెక్కి ఉంది. నేను మలక్‌పేటలో పుట్టి పెరిగినవాణ్ణి. ఇంగ్లండ్ సంతలో మా ఊరి పేరు కనిపిస్తే ఇక బేరమేం ఆడతాను? అడిగిన 40 పౌండ్లూ ఇచ్చేశాను. “సిగరెట్లు మానేసి పదేళ్లయ్యాక పెట్టె కొన్నారా?” అంది మా ఆవిడ.

హైదరాబాద్ పేరు అక్కడికి ఎలా వెళ్లిందంటే, డబ్బు నిజాంది. 1918లోనే ఆయన ఇచ్చిన సొమ్ముతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్9ఏ విమానాలు వచ్చాయి, దానికీ హైదరాబాద్ పేరే పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో 152 వంతు వచ్చింది. డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలతో పోర్ట్‌లాండ్ నౌకాస్థావరాన్ని కాపాడింది వీళ్లే. ఆ స్క్వాడ్రన్ చిహ్నంలో ఉండేది నిజాం తలపాగా.

పెట్టె ఎవరిదో తెలుసుకుందామని ముందు ఇంటర్నెట్‌లో ఒక పరిశోధకుణ్ణి పట్టుకున్నాను (పేరెందుకులెండి). 150 పౌండ్లు తీసుకుని, మూడు వారాలకి రెండు పేజీల పీడీఎఫ్ పంపాడు. అందులో ఒక ఆఫీసర్ పేరు ఉంది. ఇనిషియల్స్ కలిశాయి, స్క్వాడ్రన్ కలిసింది, అంతకు మించి ఆధారం లేదు. పెట్టె లోపలి ఫోటో పంపమని ఒక్కసారైనా అడగలేదు.

అనుమానం తీరక రెండు రోజులు సెలవు పెట్టి, లండన్‌లోని క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కి (బ్రిటన్ ప్రభుత్వ పాత రికార్డులు దాచే చోటు) వెళ్లాను. ఊరి పేరు క్యూ అయినా నేను వెళ్లినప్పుడు క్యూలేమీ లేవు. మనం ఎవరమో, ఎక్కడ ఉంటామో చూపించే రెండు కాగితాలు ఇస్తే రీడర్ టికెట్ ఉచితంగా ఇస్తారు. లోపలికి పెన్ను పనికిరాదు, పెన్సిలే. రబ్బరు కూడా తీసుకెళ్లనివ్వరు. సామాను పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోవాలి. ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఎన్ని ఫోటోలైనా తీసుకోవచ్చు, పైసా అడగరు. ఆది, సోమవారాలు సెలవు.

ఎయిర్ 27 అనే శ్రేణిలో స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకాలున్నాయి. ఫారం 540లో ఏ రోజు ఏం జరిగిందో, ఫారం 541లో ఎవరు ఏ విమానంలో ఎన్నింటికి ఎగిరారో టైపు చేసి ఉంటుంది. ఎక్కువ పేజీలు చప్పగానే ఉంటాయి: గస్తీకి వెళ్లారు, ఏమీ కనబడలేదు, దిగారు. కానీ అలాంటి పేజీల మధ్య, ఉదయం ఎగిరిన పేరు మధ్యాహ్నం నుంచి కనబడకుండా పోతుంది. అక్కడ కాసేపు పేజీ తిప్పబుద్ధి కాలేదు. పరిశోధకుడు చెప్పిన ఆఫీసర్ కోసం వెతికితే, ఆయన స్క్వాడ్రన్‌లో చేరేటప్పటికే వీళ్లు వార్మ్‌వెల్ ఖాళీ చేసేశారు. నా 150 పౌండ్లు అక్కడే ఆవిరయ్యాయి.

దారి చూపించింది హెల్ప్ డెస్క్‌లో ఉన్న పెద్దాయన. పెట్టె ఫోటోలు చూసి, “కీలు పక్కన ఏదో గీత ఉంది, ఇంటికెళ్లి టార్చి పక్కనుంచి వేసి చూడండి” అన్నారు. చూశాను. సూదితో గీసినట్టు ఆరంకెల నంబరు, 74తో మొదలవుతోంది. ఆ వరస యుద్ధానికి ముందు శనాదివారాల్లో విమానం నేర్చుకున్న వాలంటీర్ రిజర్వు సార్జెంట్లది. అంటే మనవాడు ఆఫీసరే కాదు.

ఆ నంబరును యుద్ధ సమాధుల కమిషన్ సైట్‌లో కొడితే ఏమీ రాలేదు. బతికి బయటపడ్డాడని సంతోషించాను, తొందరపడ్డాను. సార్జెంటు ఆఫీసరైతే నంబరు మారిపోయేది. అప్పుడు లండన్ గెజిట్ అనే ప్రభుత్వ ప్రకటనల పత్రికలో పాత నంబరు, పూర్తి పేరు, బ్రాకెట్లో కొత్త నంబరు పక్కపక్కనే వేసేవారు. గెజిట్‌లో వెతకడం ఉచితం. అచ్చు పాతది కాబట్టి 3కి బదులు 8 కూడా కొట్టి చూడాలి. నాకు మూడోసారికి దొరికింది. మూడు ఇనిషియల్సూ కలిశాయి. కొత్త నంబరుతో మళ్లీ సమాధుల సైట్‌కి వెళ్తే, ఆయన పేరు రన్నీమీడ్ స్మారకంలో ఉంది. శవం కూడా దొరకని 20 వేల మందికి పైగా వైమానికుల పేర్లు చెక్కిన చోటు అది, మా ఇంటి నుంచి కారులో ఎంతో దూరం లేదు.

ఆర్కైవ్స్‌కి ఐదుకి ఐదు. పరిశోధకుడికి ఒకటి, అదీ పీడీఎఫ్ అందంగా ఉన్నందుకు.

చివరికి పెట్టె సొంతదారు మేనకోడల్ని కలిశాను, ఎనభై దాటిన ఆవిడ. పేరు చెప్పను. ఏదో ఉత్తరంలో హైదరాబాద్ అని ఉండబట్టి మామయ్య ఇండియాలో పనిచేశాడనే ఇంట్లో అందరూ అనుకునేవారట. టీ తాగుతూ నిజాం సంగతి చెప్పాను. పెట్టె ఆవిడ చేతిలో పెడితే 40 పౌండ్లు ఇవ్వబోయింది, తీసుకోలేదు. ఆ 150 మాత్రం ఎవరైనా ఇస్తానంటే వద్దనను.