నగరంలో టీ ఎక్కడ బాగుంటుంది? ఏళ్ళ తరబడి తిరిగాక నా మార్కులు

కాఫీ తాగేవాళ్ళకి నగరంలో పెద్ద బాధ లేదు. ఎక్కడ దూరినా ఓ మోస్తరు కాఫీ దొరుకుతుంది. టీ అలా కాదు. గోడ మీద ఇరవై రకాల పేర్లు రాసిపెట్టిన చోట కూడా చివరికి కప్పుడు వేడినీళ్ళు, పక్కన ఓ టీ సంచీ చేతికిస్తారు. చాలా ఏళ్ళుగా రకరకాల చోట్ల తాగి, కొన్నిటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, కొన్నిటికి నమస్కారం పెట్టేశాక రాస్తున్న సమీక్ష ఇది. దుకాణాల పేర్లు చెప్పడం లేదు. ఏ నగరంలోనైనా ఉండేవి దాదాపు ఈ బాపతు చోట్లే.

నా మొదటి ఓటు విడి ఆకు అమ్మే చిన్న దుకాణాలకి. వరసగా డబ్బాలు, ఓ తక్కెడ, మూలన రెండు మూడు బల్లలు. ఇక్కడ టీ అనేది కేకు పక్కన వచ్చే వస్తువు కాదు, అసలు వ్యాపారమే అది. డబ్బా మూత తీసి ముందు వాసన చూడమంటారు. ఆకు తూచి వేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, ఏ ఆకుకి ఎంత వేడి నీళ్ళు పొయ్యాలో వీళ్ళకి తెలుసు. నల్ల టీకి సలసల మరిగిన నీళ్ళు కావాలి. గ్రీన్ టీకి 70, 80 డిగ్రీలు చాలు. అంతకు మించితే ఒగరూ చేదూ ముందు దిగిపోతాయి. గ్రీన్ టీ అంటే మొహం ముడుచుకునేవాళ్ళలో చాలామంది తాగినది మరుగునీళ్ళలో ఉడికిపోయిన ఆకునే అని నా అనుమానం.

ఇలాంటి చోట ఊలాంగ్ అడగండి, గ్రీన్ టీకీ నల్ల టీకీ మధ్య రకం అది. గైవాన్ అనే మూత ఉన్న చిన్న కప్పులో ఆకు వేసి, కొద్ది సెకన్లు ఉంచి వంచేస్తారు. అదే ఆకు మీద మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఇంకోసారి. ఉండలు చుట్టుకుని ఉన్న ఆకు మొదటి వాయికి సగమే విచ్చుకుంటుంది. నా లెక్కలో మూడో వాయి అన్నిటికన్నా బాగుంటుంది. ఖరీదు చూసి మొదట గుండె గుభేల్‌మంటుంది గానీ, ఒక్క మోతాదు ఆకుతో గంటన్నర కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు. చిరాకు పెట్టేది ఒక్కటే, యజమాని ఉపన్యాసం. తోట ఎంత ఎత్తులో ఉందో, ఆకు ఏ నెలలో కోశారో అంతా వినేసరికి మొదటి కప్పు చల్లారిపోతుంది.

కాఫీ షాపుల్లో టీ గురించి నాకు మంచి మాట చెప్పాలనే ఉంది, కుదరడం లేదు. యంత్రం కుళాయిలోంచి వచ్చే నీళ్ళు కప్పులో పడేసరికే మరుగు తగ్గిపోతాయి. ఆ తర్వాత సంచీ ముంచుకోవడం మన పని. పైగా కప్పు సైజు! మామూలు సంచీలో ఉండేది 2 గ్రాముల పొడి. దాన్ని తీసుకెళ్ళి దాదాపు అర లీటరు నీళ్ళలో వదిలితే రంగు తప్ప ఏం వస్తుంది? ‘ముందు సంచీ వేసి, దాని మీద నీళ్ళు పొయ్యండి’ అని అడగడం అలవాటు చేసుకున్నాను. ఎక్కువమంది నవ్వుతూ పోస్తారు. ఒకచోట మాత్రం అలా చేసే పద్ధతి లేదని సీరియస్‌గా చెప్పారు. ఇప్పుడు అక్కడికి వెళ్తే కాఫీయే తాగుతాను.

పద్ధతి అంటే గుర్తొచ్చింది, టీ తయారీకి నిజంగానే ఓ అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పేరు ఐఎస్ఓ 3103, మొదట 1980లో వచ్చింది. 100 మిల్లీలీటర్ల నీళ్ళకి 2 గ్రాముల ఆకు, పింగాణీ కుండ, 6 నిమిషాలు. అది రుచి కోసం కాదు, టీలని పోల్చి చూసే నిపుణులందరూ ఒకే తీరున కాయడం కోసం. ఇలాంటిదే బ్రిటిష్ ప్రమాణం ఒకటి ఆరు పేజీలు ఉండేది. దాన్ని రాసినందుకు 1999లో బ్రిటిష్ ప్రమాణాల సంస్థకి సాహిత్యంలో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి ఇచ్చి నవ్వుకున్నారు. నేను నవ్వను. కాఫీ షాపుల్లో ఆ ఆరు పేజీలు గోడకి అంటిస్తే బాగుండు.

పెద్ద హోటళ్ళ లాంజిలో మూడంతస్తుల పళ్ళెంతో వచ్చే సాయంత్రం టీ ఎవరైనా చుట్టాలొస్తే సరదాగా ఉంటుంది. మనం కట్టే డబ్బులో ఎక్కువ భాగం కుర్చీకీ నిశ్శబ్దానికీ. టీ మొదటి కప్పు బాగుంటుంది, రెండోది కషాయం. కుండలో ఆకు అలాగే నానుతూ ఉంటుంది కాబట్టి. ఖాళీ కుండ ఒకటి అడిగి అందులోకి వడకట్టేసుకోండి. అడక్కుండానే ఆ రెండో కుండ తెచ్చిపెట్టే హోటల్ కనిపిస్తే వదలొద్దు.

మ్యూజియంలు, పుస్తకాల షాపుల్లోని కెఫేలకి టీ కోసం వెళ్ళను, కిటికీ పక్క సీటు కోసం వెళ్తాను. రైల్వే స్టేషన్ల సంగతి ఎత్తకపోవడమే మంచిది.

పాలు పోసి మరిగించే వీధి టీకి లెక్కే వేరు. దీనికి నాజూకైన ఆకు దండగ. నలిపి, చీల్చి, చుట్టి చేసే సీటీసీ గుళికలే కావాలి. పాలనీ చక్కెరనీ తట్టుకుని నిలబడే దమ్ము దానికే ఉంది. ఇక్కడ నేను చూసేది రద్దీ. జనం ఉంటే గిన్నె ఎప్పటికప్పుడు ఖాళీ అవుతుంది, కొత్తది పొయ్యి మీదకెక్కుతుంది. జనం లేని చోట ఫ్లాస్కులోంచి వంచుతారు, కాగి కాగి చల్లారిన వాసన మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. చక్కెర ముందే కలిపేయడం నాకు నచ్చదు, అయినా తాగుతాను.

ఇంకొకటి, నీళ్ళు. ఒకే ఆకు ఒక పేటలో ఘుమఘుమలాడి, ఇంకో పేటలో చప్పగా ఉండటం చాలాసార్లు చూశాను. నీళ్ళు కఠినమైనవైతే, అంటే సున్నం ఎక్కువుంటే, కప్పు మీద సన్నటి పొర తేలుతుంది. కాల్షియమూ టీలోని పదార్థాలూ గాలి తగిలి కలిసి కట్టే తెట్టు అది. పాలు లేని టీ అయితే నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి, తగ్గుతుంది. వడపోసిన నీళ్ళు వాడే దుకాణానికి నా దగ్గర అదనపు మార్కులు ఉంటాయి.

ఇంతా చేసి మొదటి ర్యాంకు ఇచ్చిన ఆకు దుకాణాలకి పెద్ద లోటు ఒకటుంది. నాకు తెలిసిన వాటిలో ఎక్కువ భాగం పొద్దుగూకగానే షట్టర్ దించేస్తాయి. ఆఫీసు అయ్యాక, అసలు టీ కావాల్సిన వేళకి తెరిచి ఉండేది కాఫీ షాపూ వీధి టీ బండీ మాత్రమే. మామూలు రోజుల్లో నేను బండి దగ్గరే నిలబడతాను, ఆకు దుకాణానికి శనివారం వెళ్తాను.