సోలార్‌కి పొలం లీజుకిచ్చినాం, ఆ కంపెనీ ల్యాండ్ టీమ్ సర్వీస్ మీద నా రివ్యూ

మాది శ్రీ సత్యసాయి జిల్లా, వానమీద ఆధారపడిన ఎర్రనేల, చెనక్కాయ ఏసుకోవడం, వాన రాకపోతే అప్పు చేసుకోవడం, ఇదే మా కథ. నాయన పేరుమీద, చిన్నాయన పేరుమీద ఉన్న పొలం ఒక సోలార్ కంపెనీకి లీజుకిచ్చినాం, మొదటి పెంపు కూడా పడింది కాబట్టి ఇప్పుడు రాస్తే సరిగ్గా ఉంటాదని రాస్తున్నా. పేరు చెప్పను, ఇంకా వాళ్ళతో ఊరికి పనులున్నాయి. ఇది ప్లాంటు గురించి కాదు, మన ఇంటికొచ్చి భూమి అడిగి, సంతకాలు పెట్టించుకుని, ఆ తర్వాత పాతికేళ్ళకి పైగా మన ఫోన్ ఎత్తాల్సిన వాళ్ళ గురించి.

సంతకం అయ్యేదాకా ఈ టీమ్ చేసిన పని చాలా బాగుంది, అది ఒప్పుకోవాల్సిందే. మధ్యలో బ్రోకర్ లేడు. పక్క మండలం అబ్బాయే ల్యాండ్ ఆఫీసర్‌గా వచ్చినాడు, నాయన్ని పెద్దాయనా అంటూ అరుగుమీద కూర్చుని 1బి (భూమి ఎవరి పేరుమీద ఉందో చూపే రికార్డు), అడంగల్ (సాగు రికార్డు), ఈసీ (భూమిమీద అప్పులు, లావాదేవీలు చూపే కాగితం), పాస్‌బుక్కు అన్నీ చూసి ఏ సర్వే నంబర్ క్లియర్‌గా ఉంది, ఏది రిజిస్ట్రేషన్ చేయని భూముల జాబితా 22ఏలో ఇరుక్కుందో ముందే చెప్పినాడు. చిన్నాయనకి బ్యాంకులో క్రాప్ లోన్ ఉండె, దాన్ని మీరే క్లియర్ చేసుకుని రాపోండి అని వదిలేయలేదు, అడ్వాన్స్‌లోంచి కట్టించి, బ్యాంకుకి తోడొచ్చి నో డ్యూస్ కాగితం తెప్పించినాడు. మా మేనత్తల సంతకాలు కావాలంటే వాళ్ళ ఊర్లకి పోయి ఒప్పందం మొత్తం తెలుగులో చదివి వినిపించి, వాళ్ళడిగిన దానికి జవాబు చెప్పి, అప్పుడు పెట్టించుకున్నాడు. ఆడవాళ్ళని లెక్కలోకి తీసుకోకుండా అన్నదమ్ములతో ముగించేసే వాళ్ళని చూసినా కాబట్టి ఇది నాకు చాలా పెద్ద విషయం.

కాగితాల విషయానికొస్తే, ఏడాది దాటిన లీజు ఏదైనా రిజిస్టర్ కావాల్సిందే, నోటరీ కాగితంమీద సంతకం పెట్టించుకుని పోయేవాళ్ళు మా వైపు తిరుగుతా ఉన్నారు, వాళ్ళకి ఇవ్వద్దు. మాది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేసినారు, డాక్యుమెంట్ ఇంగ్లీషులో ఉంటే తెలుగు కాపీ అడిగినాం, లేటయినా ఇచ్చినారు. పనులు మొదలయ్యేదాకా సాగు మాదే అని రాయించినాం, ఎందుకంటే కరెంటుని లైన్లకి కలిపే గ్రిడ్ పర్మిషన్ రాకుండానే భూమి పట్టుకుని కూర్చునే కంపెనీలున్నాయి, రైతు అటు పంట ఏసుకోలేడు ఇటు లీజు రాదు. కంపెనీ బ్యాంకులో తాకట్టు పెట్టుకునేది లీజు హక్కు మాత్రమే, భూమి హక్కు కాదు అని ఒక లైను, గడువు అయినాక స్తంభాలు కాంక్రీటు దిమ్మెలు పీకి నేల చదును చేసి అప్పజెప్పాలని ఇంకో లైను. ఈ రెండూ లేని అగ్రిమెంట్ ఎంత రేటిచ్చినా వద్దనే అంటా.

రేటు గురించి అందరూ అడుగుతారు కదా, పావగడ లెక్క చెప్తా. మా జిల్లాకి ఆనుకునే ఉంటాది, కర్ణాటకే గానీ చాలా ఇళ్ళల్లో తెలుగే, మా చుట్టాలూ ఉన్నారు. అక్కడ దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు, భూమి కొనలేదు, రైతుల దగ్గర 28 ఏళ్ళకి లీజుకి తీసుకున్నారు, ఎకరాకి ఏడాదికి 21,000, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. వినడానికి బాగుంటాది గానీ కాగితం పెన్ను తీసుకుని వేసుకుంటే చివరి రెండేళ్ళకి వచ్చేది 39,600 దగ్గర, అంటే 28 ఏళ్ళలో రెట్టింపు కూడా కాదు. కాబట్టి మొదటి రేటుకంటే పెంపు దగ్గర గట్టిగా మాట్లాడండి. భూమి చేతిలోనే ఉండడం మాత్రం నిజంగా మంచి పద్ధతి, కరువు ప్రాంతంలో ఏడాదికోసారి ఖాయంగా వచ్చే డబ్బుకి విలువుంది. అదే పావగడలో భూమి లేని కూలోళ్ళకి పని పోయింది, గొర్లు మేపేవాళ్ళకి బీడు పోయింది, వాళ్ళకి లీజు రాదు కదా. ఇటు మన జిల్లాలోని ఎన్.పి.కుంట సోలార్ పార్కులోనూ పట్టా లేకుండా ఏళ్ళ తరబడి సాగు చేసుకున్నోళ్ళ పరిహారం దగ్గరే గొడవలు.

మా కంపెనీ కూడా సరిగ్గా ఈ లీజు రాని వాళ్ళ దగ్గరే తడబడింది. పనులు మొదలైనాక ఆ అబ్బాయిని వేరే జిల్లాకి మార్చినారు, కొత్తాయన హైదరాబాద్‌లో ఉంటాడు, సైట్‌లో ఉండేది కాంట్రాక్టర్ మనుషులు, వాళ్ళకి ఊర్లో ఎవరూ తెలీదు. కంచె ఏసేటప్పుడు మా పొలం పక్కనుంచి వంకకి పోయే బండిదారి మూసేసినారు. ఆ దారి ఏ రికార్డులోనూ లేదు, కానీ మా జేజినాయన కాలం నుంచి అవతలి రైతులు, గొర్లోళ్ళు పోయేది దాంట్లోనే. పైగా చదును చేసిన మట్టి వంకలో పోసినారు, వానొచ్చినప్పుడు నీళ్ళు దారి మళ్ళి పక్కోళ్ళ కందిచేలో పడినాయి. ఫోన్ చేస్తే మెయిల్ పెట్టండి అంటారు, కందిచేను రైతు మెయిల్ ఎక్కడ పెట్టేది? తిట్లు మాత్రం మాకు పడినాయి, భూమి ఇచ్చింది మీరే కదా అని. కంపెనీ వాళ్ళు ఆలోచించని విషయం ఇదే, వాళ్ళు చేసే ప్రతి పనికీ ఊర్లో జవాబు చెప్పేది లీజుకిచ్చిన రైతే.

చివరికి సర్పంచ్, ఊరివాళ్ళు కలిసి పని ఆపినాక పెద్దాఫీసర్ ఒకాయన వచ్చి చేను నడిచి చూసి, వంక తవ్వించి, కంది నష్టం కట్టించినాడు. కంచె ఒకచోట లోపలికి జరిపి దారి వదిలినారు. ఆ తర్వాత మా ఊరి పిల్లోడినే, డిగ్రీ చదివినవాడు, కోఆర్డినేటర్‌గా పెట్టుకున్నారు, అప్పటినుంచి విషయం వేరే. గడ్డి కోసే పని, పలకలు కడిగే పని భూమి లేని ఇళ్ళ ఆడవాళ్ళకి ముందు ఇస్తున్నారు, కంచె లోపలి గడ్డి కోసుకుని గొర్లకి తీసుకుపోనిస్తున్నారు. లీజు డబ్బు ఇంతవరకు ఒక్కసారి కూడా తేదీ దాటలేదు, పెంపు కూడా అడక్కుండానే కలిపి ఏసినారు.

రేటింగ్ అంటే సంతకం ముందు సర్వీస్‌కి 5కి 5, పనులు జరిగేటప్పుడు 1, ఇప్పుడు 4. ఎవరైనా కంపెనీ మీ ఊరికొస్తే రేటుతో పాటు రెండు ప్రశ్నలు అడగండి, రిజిస్ట్రేషన్ అయినాక మా ఊర్లో మీ మనిషి ఎవరు, కంచె ఏసే ముందు 1బిలో పేరు లేనివాళ్ళతో కూడా కూర్చుని మాట్లాడతారా అని. పేరు, ఫోన్ నంబర్‌తో సహా జవాబొస్తే మిగతావి మాట్లాడుకోవచ్చు. అగ్రిమెంట్ గురించి ఏదైనా డౌటుంటే కింద అడగండి, మా దాంట్లో ఏ క్లాజు ఎట్లా రాయించినామో చెప్తా.