షిమానో 105 ఆర్7000: ముగ్గురం కలిసి బిగించిన సెట్

నావి చిన్న చేతులు. ఇంతకు ముందు నడిపిన రోడ్ సైకిల్ మీద వంగి కింది హ్యాండిల్ పట్టుకుంటే బ్రేక్ లివర్ వేళ్ల కొసలకు మాత్రమే అందేది. ఏటవాలు దారిలో దిగుతున్నప్పుడు అదెంత టెన్షనో తొక్కేవాళ్లకు తెలుసు. అందుకే ఈసారి తయారుగా దొరికే సైకిల్ జోలికి పోలేదు. నా ఎత్తుకు సరిపోయే పాత స్టీల్ ఫ్రేమ్ ఒకటి తీసుకుని, దాని మీద షిమానో 105 ఆర్7000 గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకులు, లివర్లు అన్నీ కలిసిన సెట్) బిగించుకున్నాను. పనిలో ఇద్దరు స్నేహితులు తోడున్నారు. ఒకడు మోటార్ సైకిల్ మెకానిక్. ఇంకొకామె నాకంటే పదేళ్ల ముందు నుంచీ రోడ్ సైకిల్ తొక్కుతోంది. మూడు ఆదివారాలు పట్టింది. ఏడు నెలలు తొక్కాక ఇది రాస్తున్నాను.

ఇది 2018లో వచ్చిన సెట్. వెనక 11 గేర్లు, ముందు రెండు పళ్లచక్రాలు, గేర్లన్నీ కేబుల్ మీదే నడుస్తాయి. 2022 నుంచి 105 పేరుతో 12 గేర్ల సెట్లు వస్తున్నాయి. ఆ చైనూ ఈ క్యాసెట్టూ (వెనక పళ్లచక్రాల కట్ట) కలిపి వాడదామంటే కుదరదు, కొనేటప్పుడు చూసుకోండి. నేను మాత్రం కావాలనే కేబుల్ సెట్ తీసుకున్నాను. గేర్ లివర్ నొక్కితే ఎక్కడ ఏం కదులుతోందో కంటికి కనిపిస్తుంది. ముగ్గురు చుట్టూ కూర్చుని నేర్చుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

ఫ్రేమ్ కొలతలు ముందే చూశాం. వెనక చక్రం కూర్చునే చోటు 130 మి.మీ., బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగ్) కూర్చునే గొట్టం 68 మి.మీ. ఇంగ్లిష్ మర. రెండూ ఈ సెట్‌కు సరిపోయాయి. దెబ్బ ఇంకోచోట తగిలింది. ఫ్రేమ్ అమ్మినాయన సీట్ పోస్ట్ (సీటు నిలబడే గొట్టం) 27.2 మి.మీ. అన్నాడు, ఆ మాట మీదే తెచ్చాను. లోపలికి దిగనే లేదు. మెకానిక్ వెర్నియర్ పెట్టి చూస్తే 26.8. మొదటి ఆదివారం అలా పోయింది. మీరు మాత్రం కొలవకుండా కొనకండి.

బాటమ్ బ్రాకెట్ దగ్గర మా మెకానిక్ చెయ్యి అలవాటుగా కుడికి తిరిగింది. "ఆగు ఆగు, అటు పక్కది ఎడమ మర" అని ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. చైన్ ఉన్న వైపు కప్పు ఎడమకు తిప్పితేనే బిగుస్తుంది. బలవంతంగా అటూ ఇటూ తిప్పి ఉంటే ఫ్రేమ్‌లో మర పోయేది. తర్వాత క్రాంక్ (పెడళ్లను మోసే చేతులు) ఎంత సులువుగా ఎక్కిందంటే, ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. 24 మి.మీ. ఇరుసు గ్రీజు రాసి తోస్తే వెళ్లిపోయింది. ఎడమ వైపు క్రాంక్ చేతిని ఎక్కించి, ప్లాస్టిక్ మూత ఊగులాట పోయేంత వరకే తిప్పి, రెండు బోల్టులనూ మార్చి మార్చి 12 నుంచి 14 న్యూటన్ మీటర్లకు బిగించాలి. ఇక్కడ బిగువు కొలిచే టార్క్ రెంచ్ అరువు తెచ్చుకునైనా వాడండి.

క్యాసెట్ 11–34 తీసుకున్నాను. దాని కోసమే వెనక డీరేలర్ (చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) చైన్ పోయే పంజరం పొడుగ్గా ఉన్న జీఎస్ రకం కొన్నాను. పొట్టి ఎస్ఎస్ రకానికి 30 పళ్లే హద్దు. లాక్ రింగ్ 40 న్యూటన్ మీటర్లకు బిగించాక కూడా చక్రాల కట్ట కటకటా ఊగింది. హబ్ (చక్రం నడిమి భాగం) పాడైందేమోనని నా గుండె జారింది. బల్ల మీద సన్నటి రింగ్ ఒకటి మిగిలిపోయింది. 1.85 మి.మీ. స్పేసర్ అది. 11 గేర్ల రోడ్ హబ్ మీద ఈ 11–34 కూర్చోవాలంటే వెనక ఆ రింగ్ ఉండాల్సిందే. వేసి బిగించాం, చప్పుడు లేదు.

మూడో ఆదివారం దాదాపు మొత్తం ముందు డీరేలర్‌కే సరిపోయింది. ఓపిక కావాల్సిన భాగం ఇదొక్కటే. పంజరం బయటి పలక పెద్ద చక్రం పళ్లకు 1 నుంచి 3 మి.మీ. పైన ఉండాలి. ఫ్రేమ్‌కు ఆనే సపోర్ట్ బోల్ట్‌తో దాన్ని చైన్‌కు సమాంతరంగా సర్దాలి. కేబుల్ బిగువు పెంచడానికి డీరేలర్ మీదే చిన్న అలెన్ బోల్ట్ ఉంది. మాన్యువల్ చెప్పినట్టు లివర్ పెట్టి, రెండు గీతలు ఒకే వరుసలోకి వచ్చేదాకా దాన్ని తిప్పాలి. మేం రెండు గంటలు తిప్పాం. చైన్ పైకి ఎక్కేది, కిందికి దిగేది కాదు. చివరికి ఆమె లివర్ నొక్కి చెవి పెట్టి వింది. "ఇంకో క్లిక్ మిగిలి ఉందే, పూర్తిగా వదలకముందే కేబుల్ బిగించేశాం" అంది. ఎడమ లివర్‌లో చైన్ రాసుకోకుండా సర్దే సగం మెట్లు ఉంటాయి, అదీ సంగతి. కేబుల్ వదులు చేసి, పూర్తిగా కిందికి దింపి మళ్లీ కట్టాం. చైన్ టక్కున దిగింది. ఆ శబ్దం నాకింకా గుర్తుంది.

ఇంకో మాట. బ్రేక్ కేబుల్ తొడుగు, గేర్ కేబుల్ తొడుగు వేరు వేరు. గేర్ తొడుగులో తీగలు నిలువుగా ఉంటాయి, బ్రేక్ ఒత్తిడికి అవి చీలిపోతాయి. రెండూ నల్లగానే ఉంటాయి కాబట్టి కలిసిపోకుండా చూసుకోండి. కోసిన కొసను ఆకురాయితో చదును చేసి, మూసుకుపోయిన రంధ్రాన్ని సూదితో తెరవడం మర్చిపోవద్దు.

తొక్కడంలో నాకు ముందుగా తెలిసింది లివర్ల తేడానే. చిన్న స్క్రూతో వాటిని హ్యాండిల్‌కు దగ్గరగా తెచ్చుకున్నాను, బ్రేక్ కేబుల్ మళ్లీ సర్దాను. ఇప్పుడు వంగి పట్టుకున్నా రెండు వేళ్లతో బ్రేక్ పడుతోంది. చక్రం అంచును పట్టే బ్రేకులే అయినా ఎంత నొక్కితే అంత పట్టు. టైరు వెడల్పు మాత్రం 28 మి.మీ. దాటకూడదు. ముందు 34, వెనక 34 పళ్లు పెడితే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒకే చుట్టు తిరుగుతుంది. నిటారు ఎత్తుల మీద కూర్చునే ఎక్కగలుగుతున్నాను.

మొదటి నెలలో కేబుళ్లు సర్దుకుని వెనక గేర్ కొంచెం తడబడింది. కేబుల్ బిగువు సర్దే బ్యారెల్ అర చుట్టు తిప్పితే సరిపోయింది. అది నేనే, ఎవరినీ పిలవకుండా చేసుకున్నాను. ఆ తర్వాత మళ్లీ ముట్టుకోలేదు. గేర్లు బటన్ నొక్కితే మారాలనుకునేవాళ్లకు, వెడల్పు టైర్లు కావాల్సినవాళ్లకు ఇది సరిపోదు. పాత ఫ్రేమ్ ఉండి, పక్కన ఇద్దరు మనుషులు ఉంటే మాత్రం నేను ఇదే తీసుకోమంటాను. మా మెకానిక్ కూడా తనకో ఫ్రేమ్ వెతుక్కుంటున్నాడు. ఈసారి ముందు డీరేలర్ నాకు వదిలేస్తానన్నాడు.