పారిస్‌లో ఒక్క పేస్ట్రీకే చోటుంటే: మకరానా, మిల్‌ఫోయా, పారీ-బ్రెస్టా?

పారిస్ వెళ్తున్నామని చెప్పగానే తెలిసినవాళ్లంతా ఒకటే మాట చెప్తారు: "మకరాన్లు తప్పకుండా తినండి, వచ్చేటప్పుడు మాకూ ఒక డబ్బా పట్రండి." డబ్బా తేవడం మంచిదే. అక్కడ కూర్చుని అవే తినమనడం దగ్గరే నాకు పేచీ. రెండు మూడు రోజుల టూర్‌లో కడుపులో చోటూ, పర్సులో యూరోలూ కొలతగానే ఉంటాయి. ఇంటిదాకా మోసుకురాగలిగినదానికి ఆ చోటు ఖర్చు పెట్టడం దేనికి? ఆ ఊళ్లో, ఆ పూటకే బాగుండేవి తినాలి.

మకరాన్ రుచికేం వంక పెట్టను. బాదం పొడి, పంచదార, గుడ్డు తెల్లసొన కలిపి కాల్చిన రెండు బిళ్లలు, మధ్యలో క్రీమ్. చేసిన వెంటనే కంటే ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచాకే, క్రీమ్‌లోని తడి బిళ్లలకి పట్టి రుచి కుదురుతుంది. కాబట్టి పొద్దున్నే దుకాణం ముందు క్యూ కట్టినందువల్ల అదనంగా ఒరిగేదేమీ లేదు. ఎయిర్‌పోర్టులోనూ దొరుకుతాయి, తిరుగు ప్రయాణం రోజు కొనుక్కోండి.

అసలు పోటీ మిల్‌ఫోయ్‌కీ పారీ-బ్రెస్ట్‌కీ మధ్య.

మిల్‌ఫోయ్ అంటే ఫ్రెంచిలో వెయ్యి ఆకులు. కరకరలాడే పొరల రేకులు మూడు, వాటి మధ్య రెండు వరసల కస్టర్డ్. మైదా ముద్దలో వెన్న పెట్టి, ఒత్తి, మూడు మడతలు వేస్తారు. చల్లబరిచి మళ్లీ ఒత్తి మళ్లీ మడుస్తారు. ఇలా ఆరుసార్లు చేస్తే వెన్న పొరలు 729 అవుతాయి. ఓవెన్ వేడికి లోపలి నీరు ఆవిరై ఆ పొరల్ని విడదీస్తుంది. మడత కాజా చేసిన చేతులకి ఇందులో సగం పని తెలిసిందే. కానీ కాజాకి పాకం తడి ప్రాణమైతే, దీనికి కస్టర్డ్ తడే ప్రాణాంతకం.

అది నాకు తిన్నాకే తెలిసింది. మొదటిసారి పొద్దున కొన్న మిల్‌ఫోయ్‌ని రాత్రి హోటల్ గదిలో తిన్నాను. చల్లటి కస్టర్డ్ మధ్య నానిన అట్టముక్క నమిలినట్టుంది. మర్నాడు ఇంకో దుకాణంలో పదకొండింటికి కొని, బయట బల్ల మీద పెట్టుకుని అప్పటికప్పుడు తిన్నాను. పైనుంచి ఫోర్కు నొక్కితే క్రీమంతా పక్కలకి జారిపోతుంది, అందుకని ముక్కని పక్కకి పడుకోబెట్టి కోయాలి. కోస్తుంటే రేకులు విరిగే చప్పుడు పక్క బల్లకి వినిపిస్తుంది. నోట్లో పెట్టుకోగానే ముందు మాడీ మాడని పంచదార చేదు, తర్వాత వెన్న, చివర్లో వెనిలా. పూతరేకు నాలుక మీద విరిగి కరిగే క్షణం ఉంటుంది చూడండి, దానికి బాగా దగ్గర. కొనేముందు అంచు చూడండి. ముదురు గోధుమ రంగులో ఉంటే బాగా కాలినట్టు, పాలిపోయి ఉంటే వదిలేయండి.

పారీ-బ్రెస్ట్ కథ సైకిల్‌తో మొదలైంది. పారిస్ నుంచి పడమటి తీరంలోని బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగొచ్చే సుమారు 1200 కిలోమీటర్ల సైకిల్ పందెం 1891లో మొదలైంది. దాని పేరు మీద 1910లో, పారిస్ పక్కన మెజో-లఫీత్ అనే ఊళ్లో లూయీ దురాన్ అనే పేస్ట్రీ మాస్టర్ సైకిల్ చక్రం ఆకారంలో దీన్ని తయారు చేశాడు. ఆ పందెం దారిలో ఇప్పటికీ నాలుగేళ్లకోసారి ఔత్సాహికులు తొక్కుతారు, మన దేశం నుంచీ వెళ్తారు. ఎక్లేర్ అనే పొడుగాటి క్రీమ్ పేస్ట్రీకి వాడే పిండినే గుండ్రంగా కాల్చి, పైన బాదం పలుకులు చల్లి, అడ్డంగా కోసి, లోపల ప్రాలీన్ క్రీమ్ నింపుతారు. ప్రాలీన్ అంటే బాదం, హేజల్‌నట్ పంచదార పాకంలో వేయించి మెత్తగా నూరిన ముద్ద. పల్లీపట్టీని నూరి వెన్నలో కలిపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అంతకంటే ఘాటైన గింజ వాసన. ఇది కూడా ఆ రోజు తినాల్సిందే గానీ, రెండు మూడు గంటలు ఆగినా పరువు నిలుపుకుంటుంది.

నా ఓటు పారీ-బ్రెస్ట్‌కే. గొప్ప మిల్‌ఫోయ్ దొరికితే దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ అది దొరకాలంటే దుకాణమూ వేళా రెండూ కలిసిరావాలి. పారీ-బ్రెస్ట్ మామూలు వీధి దుకాణంలో కూడా చాలావరకు నిరాశపరచదు. గింజల ఎలర్జీ ఉన్నవాళ్లు మాత్రం దాని జోలికీ మకరాన్ జోలికీ పోకూడదు, వాళ్లకి మిల్‌ఫోయే దారి, అదీ గింజలు తగల్లేదని దుకాణంలో అడిగాకే. ఏది తిన్నా, దుకాణానికి వెళ్లే రోజు సోమవారం కాకుండా చూసుకోండి, చాలా దుకాణాలు మూసి ఉంటాయి.

గుడ్డు తినని పెద్దవాళ్లు వెంట ఉంటే ఈ మూడూ పనికిరావు. క్రోసాంట్ మీద కూడా మెరుపు కోసం గుడ్డు పూస్తారు. మూస్ అనే నురగలాంటి క్రీమ్ రకాలు చాలావాటిలో జంతువుల నుంచి తీసే జెలటిన్, బాబా, కనెలే లాంటి కేకుల్లో రమ్ము ఉంటాయి. వాళ్ల కోసం, బ్రెస్ట్ ఉన్న బ్రిటనీ ప్రాంతపు కూయిన్-అమాన్ వెతకండి. అక్కడి బ్రెటన్ భాషలో ఆ పేరుకి అర్థం వెన్న కేకు. రొట్టె పిండి, ఉప్పు వెన్న, పంచదార, అంతే. పైన గుడ్డు పూశారేమో ఒక్కమాట అడిగి, కాస్త వెచ్చబెట్టి ఇమ్మనండి. అడుగున పంచదార పాకమై గట్టిపడి పళ్లకి అంటుకుంటుంది, అయినా రుచంతా అక్కడే, ఆ అడుగు ముక్క పెద్దవాళ్లకే వదిలేయండి.