27 అంగుళాలా, 34 అల్ట్రావైడా? ఎత్తు మాత్రం రెండిటికీ ఒకటే

గేములకి మానిటర్ కొనేటప్పుడు 34 అంగుళాల అల్ట్రావైడ్ (మామూలు కంటే బాగా వెడల్పైన తెర) అనగానే 27 కంటే అన్ని వైపులా పెద్దదే అనుకుని చాలామంది డబ్బులు కట్టేస్తారు. టేపు పెట్టి కొలవండి. రెండిటి ఎత్తూ దాదాపు 33 సెంటీమీటర్లే, 27 వెడల్పు 60, అల్ట్రావైడ్ వెడల్పు 80. అంటే మీరు అదనంగా కొంటున్నది ఎడమవైపు పది, కుడివైపు పది సెంటీమీటర్లు, అంతే. పిక్సెళ్ల సంగతీ ఇదే, 2560×1440 కాస్తా 3440×1440 అవుతుంది, అక్షరాల పదునులో తేడా ఏమీ రాదు.

మా ఇంట్లో రెండూ ఉన్నాయి. నాది 34 కర్వ్‌డ్, వీఏ ప్యానెల్. తమ్ముడిది 27 ఫ్లాట్, ఐపీఎస్. వీఏ, ఐపీఎస్ అంటే తెర ప్యానెల్‌లో రెండు రకాలు, వాటి తేడా కింద చెప్తాను. ఒకే సీపీయూని రెండిటికీ మార్చి మార్చి తగిలించి ఆడాం కాబట్టి గ్రాఫిక్స్ కార్డ్ వల్ల వచ్చే తేడా ఇందులో లేదు.

ముందు ఏ గేములు ఆడతారో చూసుకోండి, అసలు లెక్కంతా అక్కడే. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 లాంటివి అల్ట్రావైడ్ మీద ఆడాక 27 ముందు కూర్చుంటే ఇరుగ్గా అనిపిస్తుంది, ఎందుకంటే మౌస్ తిప్పకుండానే పక్క అద్దం, కిటికీ రెండూ కళ్లకి కనబడుతుంటాయి, లేన్ మారేటప్పుడు ఆ సుఖం తెలుస్తుంది. ఫోర్జా హొరైజన్ 5లో మలుపు లోపలి అంచు ముందే కనబడుతుంది. సైబర్‌పంక్ 2077లో రాత్రి వీధుల గురించి నేను చెప్పడం కంటే మీరు చూడటం మేలు.

కానీ ఒడిశాలోని మా పర్లాకిమిడి కుర్రాళ్లలో సగం మంది రాత్రయితే వాలరెంట్‌లోనే ఉంటారు. అది 16:9కే (27 లాంటి మామూలు తెర వెడల్పు-ఎత్తు నిష్పత్తి) కట్టుబడిన గేము, అల్ట్రావైడ్‌లో రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చేస్తాయి. ఎల్డెన్ రింగ్ కూడా అంతే, పైగా దానికి 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 60 ఫ్రేములు) పరిమితి. పీఎస్5 పెట్టుకుందాం అనుకుంటే 1440పీ ఇస్తుంది గానీ అల్ట్రావైడ్ నిష్పత్తి 21:9 ఇవ్వదు. తమాషా ఏంటంటే, ఆ నల్ల పట్టీల మధ్య మిగిలే బొమ్మ సరిగ్గా 27 అంగుళాల మానిటరే, 2560×1440తో సహా. నష్టపోయేదేమీ లేదు, పక్కనున్న నలుపుకి కూడా డబ్బు కట్టామంతే. యూట్యూబ్‌లో మామూలు వీడియోలదీ ఇదే కథ. సినిమాలు మాత్రం, స్కోప్‌లో (బాగా వెడల్పైన సినిమా ఫ్రేములో) తీసినవైతే, తెర నిండా పరుచుకుంటాయి.

కార్డ్ మీద బరువు సంగతి. పిక్సెళ్లు 34 శాతం పెరుగుతాయి, కాబట్టి 27 మీద 100 ఎఫ్‌పీఎస్ వచ్చే చోట ఇక్కడ సుమారు 80 అనుకోండి. మధ్యరకం కార్డ్ ఉండి కొత్త గేములు ఆడేవాళ్లు మానిటర్‌కి పెట్టే అదనపు డబ్బుని కార్డ్‌కి పెట్టుకోవడం నయం, ఇందులో నాకు రెండో మాట లేదు.

వీఏ ప్యానెల్‌లో నలుపు నిజంగా నలుపే, దీపం ఆర్పేసి ఆడితే బాగుంటుంది. కాకపోతే చీకటి సీన్లలో వేగంగా తిరిగితే కదిలేదాని వెనకాల మసిలాంటి చార కనబడుతుంది. తమ్ముడి ఐపీఎస్‌లో ఆ చార లేదు, బదులుగా చీకట్లో మూలలు కాస్త తెల్లగా వెలుగుతుంటాయి. కర్వ్ గురించి భయపడకండి, 1500ఆర్ అంటే మీటరున్నర వ్యాసార్థం ఉన్న వంపు, రెండు మూడు రోజుల్లో కంటికి అలవాటైపోతుంది. ఇంకోటి, కేబుల్. పాత హెచ్‌డీఎంఐ 2.0తో తగిలిస్తే అల్ట్రావైడ్ దాదాపు 100 హెర్ట్జ్ (సెకనుకి తెర మీద బొమ్మ మారే సార్లు) దగ్గరే ఆగిపోతుంది, డిస్‌ప్లేపోర్ట్ వాడండి.

టేబుల్ కూడా కొలుచుకోండి. మూడడుగుల కంప్యూటర్ టేబుల్ మీద 34 పెడితే స్పీకర్లకి చోటు ఉండదు, స్టాండు కాళ్లు ముందుకొచ్చి కీబోర్డ్‌ని తోసేస్తాయి. గోడకి బిగించేద్దాం అనుకునేవాళ్లు వెనక వెసా (VESA) రంధ్రాలు, అంటే గోడ స్టాండుకి స్క్రూలు బిగించే రంధ్రాలు, ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

ధరలో ఒక మంచి మార్పు వచ్చింది. 32 అంగుళాలు దాటిన మానిటర్ల మీద 28 శాతం ఉండే జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి దిగింది. 27 మీద అప్పటికే 18 శాతమే కాబట్టి ఆ తగ్గింపు 34 కొనేవాళ్లకే. అయినా తేడా బాగానే ఉంటుంది, మంచి 27 దొరికే డబ్బుకి 34 రాదు. తక్కువకి వస్తోందని 29 అంగుళాల 2560×1080 అల్ట్రావైడ్ మాత్రం వద్దు, దాని ఎత్తు 23 అంగుళాల మానిటర్ అంతే, అదేదో పలక అడ్డంగా పెట్టినట్టు ఉంటుంది.

నాకు ట్రక్కులూ రేసులూ కాబట్టి 34 ఉంచేసుకున్నాను, తమ్ముడికి ఇస్తానన్నా వద్దన్నాడు, వాడిది వాలరెంట్ మరి.

కొనడం దగ్గరికొస్తే, మా ఊళ్లో అల్ట్రావైడ్‌ని ఆన్ చేసి చూపించే షాపు నాకు దొరకలేదు. బరంపురమో విశాఖో వెళ్లాల్సిందే. బరంపురంలో ఒడియాలో బేరం మొదలుపెట్టి తెలుగులో ముగించొచ్చు, ఆ విషయంలో మనకి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఆ పెట్టెని గుణుపూర్ పాసింజర్లో తేవడమే, సీటు కింద పట్టదు, పైన పెడితే పక్కవాళ్లు ఊరుకోరు. ఆన్‌లైన్లో అయితే ఇంటికే వస్తుంది, కానీ విప్పిన వెంటనే తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలు ఒక్కొక్కటీ తెర నిండా పెట్టి చచ్చిపోయిన పిక్సెల్ (వెలగని చుక్క) ఉందేమో చూడండి, వాపసు గడువు దాటేదాకా అట్టపెట్టె, థర్మాకోల్ అటక మీద ఉంచండి.