‘ఫాల్కుండా’ అనే ఊరు ఎక్కడుంది బాబూ?

పాత కాగితాల్లో ఊరి పేరు అర్థంకాక తల పట్టుకున్నవాళ్లు ఎవరికైనా డబ్బు కట్టేముందు ఇంపీరియల్ గెజిటీర్ ఆఫ్ ఇండియా (బ్రిటిష్ కాలంలో ఊళ్లు, జిల్లాల వివరాలు వేసిన పుస్తకం) ఒకసారి తిరగేయండి. 1908 నాటి ఎడిషన్, 26 సంపుటాలు, షికాగో యూనివర్సిటీ వాళ్ల డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో ఫ్రీ. నాకు మాత్రం డబ్బు వదిలాకే ఈ సంగతి తెలిసింది.

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉండే నా స్నేహితురాలి ముత్తాత మద్రాసులో ఓడెక్కి అక్కడి నాటాల్ చెరకు తోటలకు కూలీగా వెళ్లాడు (1860 నుంచి 1911 దాకా అలా వెళ్లినవాళ్లలో మనవాళ్లు చాలామందే). ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, వయసు, ఆ తర్వాత జిల్లా, ఠాణా, ఊరు. అంతా ఇంగ్లిష్ గొలుసుకట్టు రాత. ఒక ఆన్‌లైన్ సర్వీసుకి చదవమని ఇస్తే ఠాణా గడిలో ‘ఫాల్కుండా’ అని టైపు చేసి పంపారు! అక్షరాలైతే చూశారు గానీ అలాంటి ఊరు అసలు ఉందా అని ఎవరూ చూసినట్టు లేదు.

ఫొటో పెద్దది చేసి నేనే కూర్చున్నాను. రెండు వరుసల పైన అదే గుమస్తా పెద్దాపురం అని రాశాడు, అందులో మొదటి ‘పి’కి కూడా ఇదే వంకర. అంటే ఇది ‘ఎఫ్’ కాదు. మధ్యలో ‘యు’ అనుకున్నది సరిగ్గా మూయని ‘ఓ’. పైకి చదివితే పాల్కొండ, అంటే మన పాలకొండ! గెజిటీర్ 19వ సంపుటంలో విశాఖపట్నం జిల్లా కింద ఉంది. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. కడప వైపు పాలకొండలు కూడా ఉన్నాయి కాబట్టి జిల్లా గడి చూడకుండా తొందరపడకండి.

గెజిటీర్ అసలు పనికొచ్చేది ఇలాంటి చోటే, ఆనాటి జిల్లా చెబుతుంది. శ్రీకాకుళం అప్పట్లో చికాకోల్, గంజాం జిల్లాలో ఉండేది. గంజాం అని చూసి ఒడిశాలో వెతికితే జన్మలో దొరకదు.

లోపాలూ ఉన్నాయి. ఒక్కో పేజీ బొమ్మ తిప్పుకోవాలి, విసుగు. పట్నాలు, తాలూకాలు దొరుకుతాయి గానీ చిన్న పల్లెలు ఉండవు. అందుకే ఓడ జాబితాలో ఊరి గడి ఇంకా తేలలేదు. చివర ‘పేట’ స్పష్టంగా ఉంది, ముందున్నదంతా సిరా మరక. పాలకొండ చుట్టుపక్కల పేటలు తెలిసినవాళ్లుంటే కాస్త చెప్పండి.