లీజు చివరి నెలల్లో రిపేర్ ఎస్టిమేట్ చేతికిస్తే వెంటనే సంతకం పెట్టకండి

అమెరికాలో లీజు కారు నడుపుతున్న మనవాళ్లకి, ముఖ్యంగా ఇంకో ఆరు నెలల్లో కారు తిరిగి ఇవ్వాల్సినవాళ్లకి ఈ హెచ్చరిక. డాలస్ దగ్గర ఒక డీలర్‌షిప్ సర్వీస్ సెంటర్‌లో మాకు 3,240 డాలర్ల ఎస్టిమేట్ ఇచ్చారు. అందులో మేము నిజంగా కట్టాల్సింది ఒక్క డాలర్ కూడా లేదు. ఇదే మాట నమ్మి కట్టేసినవాళ్లు నాకు తెలిసి ఉన్నారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

మాది 36 నెలల లీజు, ఏడాదికి 15,000 మైళ్లు. ఇక్కడే చాలామంది గమనించని విషయం ఒకటుంది. మామూలుగా వచ్చే బంపర్ టు బంపర్ వారంటీ, అంటే దాదాపు కారు మొత్తానికి వర్తించేది, మూడేళ్లు లేదా 36,000 మైళ్లు, ఏది ముందు వస్తే అది. లీజు మూడేళ్లే, వారంటీ కూడా మూడేళ్లే కదా అని ధీమాగా ఉంటాం. కానీ ఏడాదికి 15,000 చొప్పున నడిపితే 29వ నెలలోనే 36,000 దాటిపోతుంది. మిగతా ఏడు నెలలూ ఏం పాడైనా ఖర్చు మనదే, ఎందుకంటే కారు లీజు కంపెనీదైనా దాన్ని బాగుగా ఉంచే బాధ్యత మనదని కాంట్రాక్టులో రాసే ఉంటుంది. ఇంజిన్, ట్రాన్స్‌మిషన్‌లకి మాత్రం చాలా కంపెనీలు ఐదేళ్లు లేదా 60,000 మైళ్ల పవర్‌ట్రెయిన్ వారంటీ ఇస్తాయి. ఏసీ, టచ్ స్క్రీన్, కెమెరాలు, సెన్సర్లు అందులోకి రావు.

మాకు పోయింది ఏసీ. అప్పటికి 41,000 మైళ్లు తిరిగింది. టెక్సస్ జులై ఎండలో వెనక సీట్లో పిల్లలు, వెంట్లలోంచి వేడిగాలి. సర్వీస్ అడ్వైజర్ కారు చూసి కాగితం ఇచ్చాడు: ఏసీ కండెన్సర్, గ్యాస్, లేబర్ కలిపి 1,480. నాలుగు టైర్లు 1,120. ముందు బ్రేకులు ప్యాడ్లు, రోటర్లతో సహా 640. మేము వెళ్లింది ఏసీ కోసం. టైర్లు, బ్రేకులు ఎందుకని అడిగితే, "ఇవన్నీ ఇప్పుడే చేయించకుండా కారు ఇస్తే లీజు కంపెనీ మీకు రెండింతలు వేస్తుంది" అన్నాడు. మొత్తం ఈ మాట మీదే నడుస్తుంది. లీజు ముగుస్తోందన్న టెన్షన్ మనకి ఎలాగూ ఉంటుంది, దాని మీద కొడతారు.

సర్వీస్ సెంటర్ వేరు, లీజు కంపెనీ వేరు. బోర్డు మీద ఒకే బ్రాండ్ పేరున్నా సరే. ఏ అరుగుదల మామూలుది, దేనికి ఛార్జ్ వేస్తారు అనేది లీజు కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి, ఆ ప్రమాణాలు సహేతుకంగా ఉండాలి. 1976 నాటి కన్జ్యూమర్ లీజింగ్ చట్టం కింద ఉన్న నిబంధన ఇది. కాబట్టి సర్వీస్ అడ్వైజర్ నోటిమాటతో పని లేదు. లీజు కంపెనీకి ఫోన్ చేసి 'వేర్ అండ్ యూజ్' గైడ్ పంపమని అడగండి. మాకు ఆ రోజే ఈమెయిల్‌లో పంపారు.

అందులో టైర్ల గురించి రాసింది, ట్రెడ్, అంటే టైరు గాడి లోతు, కనీసం 4/32 అంగుళాలు ఉండాలని. దీనికి పరికరం అక్కర్లేదు, క్వార్టర్ నాణెం చాలు. వాషింగ్టన్ తల కిందికి వచ్చేలా నాణెం గాడిలో పెట్టండి. తల పైభాగం రబ్బరులోకి కొంచెమైనా దిగితే దాదాపు 4/32 ఉన్నట్టే. నాలుగు టైర్లకీ, ఒక్కోదానికి లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడు చోట్లా చూడాలి, ఎందుకంటే అలైన్‌మెంట్ తప్పితే లోపలి అంచు ముందు అరుగుతుంది. మావాటిలో అన్ని చోట్లా వాషింగ్టన్ జుట్టు మునిగింది. తర్వాత ఒక మామూలు టైర్ల షాపులో గేజ్ పెట్టి చూస్తే 6/32. ఆ టైర్లని మార్చాలని వాళ్లు 1,120 డాలర్లు రాశారు! బ్రేక్ ప్యాడ్లు కూడా ఇంకా సగానికి పైగా ఉన్నాయని అదే షాపులో చక్రం ఊడదీసి చూపించారు.

ఏసీ సంగతి ఇంకా బాధ కలిగించేది. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) వెబ్‌సైట్‌లో మన కారు మోడల్, సంవత్సరం కొడితే రీకాల్స్‌తో పాటు కంపెనీ తన డీలర్లకి పంపిన సర్వీస్ బులెటిన్లు కూడా ఉచితంగా కనిపిస్తాయి. 'మాన్యుఫాక్చరర్ కమ్యూనికేషన్స్' అనే భాగంలో ఉంటాయి. రీకాల్ ఒక్కటే చూసి ఏమీ లేదనుకుని బయటికి రావొద్దు. మా మోడల్ కండెన్సర్‌కి లీకు సమస్య ఉందని, దానికి వారంటీని ప్రత్యేకంగా పొడిగించామని చెప్పే బులెటిన్ అక్కడే ఉంది. ముందు అద్దం అడుగున డ్రైవర్ వైపు కనిపించే 17 అక్షరాల విన్ నంబర్ (ప్రతి కారుకీ వేరుగా ఉండే గుర్తింపు నంబర్) చెప్పి కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, మా కారుకి ఆ కవరేజ్ వర్తిస్తుందని చెప్పి కేస్ నంబర్ ఇచ్చారు. అదే సర్వీస్ సెంటర్‌లో, అదే అడ్వైజర్ దగ్గర, అదే కండెన్సర్‌ని ఉచితంగా మార్చారు. విన్ నంబర్ వాళ్ల సిస్టమ్‌లో కొడితే ఆ కవరేజ్ మొదటి రోజే కనిపించాలి. చూడలేదో, చూసి చెప్పలేదో నాకు అనవసరం. 1,480 డాలర్ల కాగితం మీద మాత్రం సంతకం అడిగారు.

అలాంటి బులెటిన్ లేకపోయినా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయడం మానొద్దు. వారంటీ ఈమధ్యే దాటి ఉండి, సర్వీసులన్నీ టైముకి చేయించిన రసీదులుంటే 'గుడ్‌విల్' కింద మొత్తమో కొంతో కంపెనీ భరించే అవకాశం ఉంటుంది. అది హక్కు కాదు, అడిగితేనే దొరుకుతుంది. డబ్బు కట్టేశాక అడిగితే కష్టం.

నిజంగానే మన జేబులోంచి పెట్టాల్సిన రిపేర్ అయితే, మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. బయటి మెకానిక్ ఎంత అడుగుతున్నాడు, అలాగే తిరిగి ఇస్తే లీజు కంపెనీ ఎంత వేస్తుంది, కాంట్రాక్టులో రాసిన రెసిడ్యువల్ ధరకి (లీజు చివర్లో కారు విలువ ఇంత అని ముందే రాసుకున్న ధర) మనమే కొనుక్కుంటే బయట ఆ కారు ఎంత పలుకుతుంది. మూడోది చాలామంది చూడరు. బయట రేటు ఎక్కువుంటే రిపేర్ చేయించి ఉంచుకోవడమే లాభం కావచ్చు. టెక్సస్‌లో కొనుక్కుంటే 6.25 శాతం ట్యాక్స్ మళ్లీ పడుతుంది, అది కూడా కలిపి చూసుకోండి. ఇంజిన్ లైట్ వెలుగుతున్న కారుని అలాగే ఇచ్చేస్తే మాత్రం ఛార్జ్ తప్పదు. ఎలాగూ పాడైంది కదా అని నెలల ముందే తాళాలు ఇచ్చేయడం ఇంకా నష్టం, మిగిలిన వాయిదాలు మీద పడతాయి.

లీజు ముగిసే రెండు మూడు నెలల ముందు లీజు కంపెనీ తరఫున ఉచితంగా ఇన్‌స్పెక్షన్ చేస్తారు, ఇంటికే వస్తారు. అది కచ్చితంగా చేయించుకోండి. రిపోర్ట్ చేతికొచ్చాకే ఏది బాగు చేయించాలో నిర్ణయించుకోవాలి. ఇర్వింగ్‌లో ఉండే మా ఫ్రెండ్ ఒకతను అంతకన్నా ముందే బంపర్ గీతలకి 900 డాలర్లు పెట్టేశాడు. ఆ తర్వాత మా గైడ్ చూపిస్తే, క్రెడిట్ కార్డు కన్నా చిన్న గీతలకి ఛార్జ్ లేదని ఉంది. తన కంపెనీ గైడ్‌లో కూడా అదే ఉంది. "ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు అన్నా" అన్నాడు. ముందు అద్దం మీద రాయి తగిలి చిన్న చిప్ ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. పగులు పాకితే మొత్తం అద్దం మార్చాలి, దాని వెనక కెమెరా ఉంటే కాలిబ్రేషన్ ఖర్చు అదనం. చాలా ఇన్సూరెన్స్‌లు చిప్ రిపేర్‌కి డిడక్టిబుల్ అడగవు.

కారు అప్పగించే రోజు నాలుగు వైపులా, చక్రాలు, అద్దం, సీట్లు, ఓడోమీటర్, రెండు తాళాలు, అన్నీ ఫోటోలు తీసుకోండి. వాళ్లు సంతకం చేసిన రిటర్న్ రసీదు లేకుండా అక్కడి నుంచి కదలొద్దు. మేము ఇచ్చేశాక కూడా వెనక డోర్ మీద సొట్ట ఉందని 350 డాలర్ల బిల్లు వచ్చింది. ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్, ఆ రోజు తీసిన ఫోటోలు జతచేసి రాతపూర్వకంగా అభ్యంతరం పెడితే ఆ ఛార్జ్ తీసేశారు. మిగిలింది 395 డాలర్ల డిస్పోజిషన్ ఫీజు, అంటే కారు తిరిగి ఇచ్చేటప్పుడు లీజు కంపెనీ తీసుకునే ఫీజు. అది కాంట్రాక్టులో మొదటి నుంచీ ఉన్నదే, కట్టేశాం.